తల ఎవరికి, ఒళ్ళు ఎవరికి

మ్యూజియంలో ఆవిణ్ణి అందరూ చీమలావిడ అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆవిడ పలుకుతుంది కూడా. చదివింది పెద్ద చదువు, పేరు ముందు డాక్టరు అని రాసుకునే హక్కుంది, అయినా కింద టిక్కెట్లిచ్చే అమ్మాయి దగ్గర్నుంచి పైన డైరెక్టరు దాకా ఆవిడ చీమలావిడే. పక్కగదిలో కూర్చునేది సీతాకోకచిలుకలాయన. ఆయన గదికి చూడవచ్చినవాళ్ళు అబ్బ ఎంత రంగులో అని నోరు తెరుస్తారు. ఈవిడ గదికి వచ్చినవాళ్ళు మాత్రం ముందు తమ కాళ్ళకేసి చూసుకుంటారు. ఆవిడ అదేమీ పట్టించుకోదు. ఒక్క సొరుగు బయటికి లాగి, ఇందులో ఉన్న జనాభా మీ ఊరికి ఎక్కువ అంటుంది. ఆ జనాభాలో ఒక్కరికీ ప్రాణం లేదన్న సంగతి ఆవిడ గర్వానికి అడ్డం కాదు.

మనిషి మంచిది. తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో చీమలు పట్టాయంటే మందు కొట్టకండర్రా, వచ్చి చూస్తానుండండి అని బయల్దేరుతుంది. చూసి, వాటి వంశం, అలవాట్లు అన్నీ చెప్పి, టీ తాగి వచ్చేస్తుంది. చీమలు అక్కడే ఉంటాయి. అయినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంత మంచి మనిషికీ ఒక పగ ఉంది. ఊరికే ఉండటం కాదు, పాలు పోసి పెంచింది. అదీ పరాయివాళ్ళ మీద కాదు, సొంత అక్క మొగుడి మీద. ఆ బావగారు అదే మ్యూజియంలో కీటకాల విభాగానికి అధిపతి, అంటే ఆవిడకి పైవాడు. ఇంట్లో బావ, ఆఫీసులో బాసు. తప్పించుకుందామంటే ఆదివారం కూడా దారి లేదు.

సంగతి ఇద్దరి నెత్తినా నల్లజుట్టు ఉన్ననాటిది. బావకి అక్కతో కొత్తగా పెళ్ళయింది. ఈవిడ చదువు ముగించుకుని అప్పుడే మ్యూజియంలో చేరింది. కొందరు కలిసి చీమల కోసం వాన ఆగని అడవికి వెళ్ళారు. అక్కడ చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతాయి, నేలంతా కుళ్ళిన ఆకులు, వేసుకున్న బట్ట ఆరడమన్నది ఉండదు. అలాంటిచోట పడిపోయిన ఒక మాను పక్కన ఈవిడ బోర్లా పడుకుని, బురదలో మోచేతులు దిగబడేలా, చిన్న కత్తితో బెరడు ఊడదీస్తోంది. బావ పైన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు ఎక్కువ భాగం ఆయన మీదే ఉంది.

బెరడు వెనక గుల్లలో ఒకే ఒక్క చీమ కనబడింది. ఈవిడ సీసాలోకి తీసుకుని భూతద్దంతో చూసింది. వీపంతా ముళ్ళు, ముళ్ళ మధ్య చెక్కినట్టు గాడులు. అలాంటి ఒళ్ళున్న చీమ తను చదివిన ఏ పుస్తకంలోనూ లేదని ఆవిడకి వెంటనే తెలిసింది. బావ చెయ్యి చాపి, ఏదీ, ఇటివ్వు, తడిసిపోతుంది అన్నాడు. సీసా అందుకుని తన జేబులో వేసుకున్నాడు. అంతే. ఆ జేబులోంచి ఆ చీమ ఈవిడ చేతికి మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకి పత్రికలో వ్యాసం వచ్చింది. ప్రపంచానికి కొత్త జాతి చీమ, కనుగొన్నది బావ. చివర కృతజ్ఞతల్లో జీపు నడిపినవాడికీ, వంట చేసినవాడికీ, ఆ తరవాత 'గొడుగు పట్టిన మా మరదలికీ' ధన్యవాదాలున్నాయి. గొడుగు పట్టిందెవరో, బురదలో పడుకున్నదెవరో జీపువాడికి తెలుసు, వంటవాడికి తెలుసు. వాళ్ళిద్దరూ చీమల పత్రికలు చదవరు.

అక్కడితో ఆగి ఉంటే ఆవిడ పోట్లాడేదేమో. బావ గట్టివాడు. కొత్త చీమకి తన భార్య పేరు పెట్టాడు. ఇప్పుడు ఈవిడ నోరెత్తితే, అక్క పేరు చీమకి పెడితే చెల్లెలు ఏడ్చిందంటారు. ఈ శాస్త్రంలో ఇంకో మర్యాద కూడా ఉంది: జాతి పేరు రాసినప్పుడల్లా పక్కన ఆ పేరు పెట్టినవాడి పేరూ రాస్తారు. అంటే లోకంలో చీమల గురించి రాసేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ అక్కాబావలు పక్కపక్కనే ఉంటారు, పెళ్ళి ఫొటోలో లాగ. ఈవిడ ఆ ఫొటోకి బయట, గొడుగుతో.

ఆ తరవాత ఎంతమంది ఎన్నిసార్లు ఆ అడవికి వెళ్ళినా ఆ చీమ ఇంకొకటి దొరకలేదు. దొరక్కపోయినకొద్దీ బావ ఎత్తు పెరిగాడు. అత్యంత అరుదైన చీమ అన్నారు. పైగా దాని తల దాని ఒంటికి సంబంధం లేనట్టుంది: ఒళ్ళు చూస్తే మాను లోపల చీకట్లో బతికేదానిలా ముళ్ళూ గాడులూ, తల చూస్తే నున్నగా, ఎండలో తిరిగేదానిలా పెద్ద కళ్ళు. చీకటి చీమకి అంత కళ్ళెందుకన్న ప్రశ్న మీద బావ పెద్ద సిద్ధాంతం లేవదీశాడు. రెండు వర్గాల మధ్య ఇది వంతెన అన్నాడు. ఆ వంతెన మీద నడిచే అధిపతి కుర్చీ దాకా వెళ్ళాడు. మ్యూజియం పెద్ద మెట్ల దగ్గర ఆ చీమకి తలుపంత బొమ్మ కట్టించాడు. ఆ బొమ్మ చూడలేక చీమలావిడ వెనకవైపు ఇనప మెట్లు ఎక్కేది. మోకాళ్ళు కలుక్కుమన్నప్పుడల్లా బావని తలుచుకునేది.

చిల్లర పగలు తీర్చుకోలేదా అంటే తీర్చుకుంది. ప్రతి పుట్టినరోజుకీ బావకి ఒక గొడుగు బహుమతిగా ఇచ్చేది. ఆయనకి ఎప్పుడూ అర్థం కాలేదు. మా మరదలికి నా ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అని వచ్చినవాళ్ళకి చూపించేవాడు. ఇంట్లో గొడుగులు పోగుపడ్డాయి గాని ఈవిడ మంట చల్లారలేదు.

అసలు చీమని మాత్రం బావ ఎవరికీ చూపించేవాడు కాదు. కొత్త జాతికి ఆధారమైన ఆ ఒక్క నమూనాని మూల నమూనా అంటారు; దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. దూరదేశాల నుంచి వచ్చినవాళ్ళకి కూడా బొమ్మ చూపించి పంపేసేవాడు. చాలా సున్నితమైన వస్తువు, ఊపిరి తగిలినా విరుగుతుంది అనేవాడు. చీమలావిడ ఆ చీమల కుటుంబం మొత్తాన్ని తిరగరాసే పని మీద ఉంది. మూల నమూనా చూడకుండా అది పూర్తికాదు. అడిగినప్పుడల్లా బావ, చూద్దాంలే అనేవాడు.

చివరికి పదవీ విరమణ వచ్చింది. రూలు ప్రకారం తాళంచెవులు అప్పజెప్పాలి. చీమల బీరువా ఇంకెవరికి పోతుంది, ఈవిడకే. ఇచ్చేటప్పుడు బావ, జాగ్రత్తమ్మా, మీ అక్క అందులో ఉంది అని జోకేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గది తలుపు గడియ పెట్టి, పెట్టె తీసి, చీమని మైక్రోస్కోపు కింద పెట్టింది. చీమని నేరుగా సూదికి గుచ్చరు, ముక్కలైపోతుంది. మూడుమూలల అట్టముక్క కొనకి చుక్క జిగురు రాసి, దాని మీద చీమని పొట్టవైపు ఆనించి, అట్టముక్కని సూదికి గుచ్చుతారు. జిగురు పొట్ట కింద తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. ఈ చీమకి మెడ దగ్గర కూడా ఉంది. తేనెరంగులో, సన్నగా, నీటుగా, బాగా చెయ్యి తిరిగినవాళ్ళు పెట్టినట్టు.

ఆవిడ అద్దం ఇంకొంచెం దగ్గరికి తిప్పింది. ఆ తల ఆవిడకి కొత్త కాదు. నున్నని నుదురు, పక్కలకి తోసుకొచ్చిన కళ్ళు. రోజూ తన పంచదార డబ్బా దగ్గర ఎదురుపడే తల. లోకమంతా గాలించినా దొరకని అరుదైన చీమకి ఉన్నది వంటింటి చీమ తల. దొరక్కేం చేస్తుంది? అలాంటి చీమ ఎప్పుడూ పుట్టలేదు.

ఆ గదిలోంచి నవ్వు వినబడి సీతాకోకచిలుకలాయన తలుపు కొట్టాడు. ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి చూపించింది. ఆయన చూసి, ఇలాంటివాటికి నియమం ఉందిగా అన్నాడు. ఉంది. రెండు జీవుల ముక్కలు అతుక్కుని ఒకే నమూనాగా చెలామణీ అయితే, ఆ సంగతి మొదట అచ్చులో పెట్టినవాళ్ళకే పేరు ఏ ముక్కదో తేల్చే హక్కుంటుంది. ఒకసారి తేల్చాక లోకమంతా కట్టుబడాలి. పేరు ఒంటికి ఇస్తే, అది నిజంగానే కొత్త ఒళ్ళు గనక బావ పేరు నిలుస్తుంది, తలొక్కటి సవరించుకుంటారు. పేరు తలకి ఇస్తే, వంటింటి చీమకి ఎప్పట్నుంచో వేరే పేరుంది గనక పాతది నిలిచి కొత్తది చస్తుంది. అప్పుడు ఒళ్ళు పేరులేనిదైపోతుంది. దానికి ఇంకెవరైనా పేరు పెట్టుకోవచ్చు.

ఆ ఇంకెవరో ఎవరో ఆయనకి అర్థమైంది. మామూలుగా ఒంటికే ఇస్తారు, అది మర్యాద అని మెల్లిగా నచ్చజెప్పాడు. మీ అక్క పేరు కదా అని కూడా గుర్తుచేశాడు.

"గొడుగు పట్టినదానికి మర్యాదలేం తెలుస్తాయండీ," అంది చీమలావిడ.

ఆ నెల్లాళ్ళూ ఆవిడ అంత సంతోషంగా ఉండటం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వ్యాసం రాసింది. తలకే ఇచ్చింది. మెడ దగ్గరి జిగురుని అరచెయ్యంత పెద్దది చేసి ఫొటో తీసింది. పత్రికకి పంపేముందు ఒక్క పని మిగిలింది: బావ మొహం చూడటం. అచ్చయ్యాక ఆయన తన గదిలో ఒంటరిగా చదువుకుంటే ఈవిడకేం దక్కినట్టు? ఎదురుగా కూర్చుని చూడాలి.

ఆదివారం అక్కా వాళ్ళింటికి వెళ్ళింది. బావ నడకకి వెళ్ళాడు. అక్క భోజనాల బల్ల మీద కూరలు తరుగుతోంది. అక్కకి ముందే చెప్పడం ధర్మమనుకుని ఈవిడ ఫొటో తీసి ముందు పెట్టింది. అక్క కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తల ఎవరిదట అని అడిగింది. ఈవిడ చెప్పింది. అయితే నా పేరు పోతుందా అని అడిగింది. చీమల్లో మాత్రమేనే అక్కా, రేషను కార్డులో ఉంటుందిలే అని ఈవిడ తేలిక చెయ్యబోయింది గాని అక్క నవ్వలేదు. ఇన్నేళ్ళూ బావ మొహమే ఊహించుకుంది, అక్క మొహం ఎలా ఉంటుందో ఆలోచించలేదు. అక్క మొహంలో మాత్రం ఏమీ లేదు. ఫొటో బోర్లించి, ఆయన్ని రానీ అని మళ్ళీ కత్తి తీసుకుంది.

బావ వచ్చాడు. చెమట తుడుచుకుంటూ, మరదల్ని చూసి, ఏమ్మా ఈసారి గొడుగు ముందే తెచ్చావా అన్నాడు. ఆవిడ ఫొటో తిరగేసి ఆయన ముందుకి తోసింది. వ్యాసం కాయితాలు పక్కన పెట్టింది.

ఆయన తెలివితక్కువవాడు కాదు. చూసిన మరుక్షణం అర్థమైంది. మొహం తెల్లబడింది, చెంప కింద ఒక నరం కొట్టుకుంది. ఆవిడ ఇన్నేళ్ళూ ఎదురుచూసింది దానికోసమే. కుర్చీలో వెనక్కి ఆనుకుని, మొదటి ఆట సినిమాకి వచ్చినదానిలా చూసింది. కానీ ఆ సినిమా చిన్నదైపోయింది. బావ కాయితాలు చివరిదాకా చదివి, సర్ది, బల్ల మీద పెట్టాక మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నాడు, చాలా నెమ్మదిగా.

నా దగ్గరే అంది ఆవిడ.

"నెల్లాళ్ళుగా నీ దగ్గరుంది. నేనిచ్చిననాడు చీమ బాగానే ఉంది. నువ్వు మెడ విరగ్గొట్టావు. భయపడి అతికించావు. ఇప్పుడు తప్పు నామీదికి తోస్తున్నావు. అదే రాస్తాను పత్రికకి. ఇనప మెట్ల సంగతి మ్యూజియంలో ఎవరికి తెలీదమ్మా? నీ మాట నమ్ముతారా, నా మాటా?"

ఆయన మాటే నమ్ముతారు, చీమలావిడకి తెలుసు. ఆ పగని ఆవిడ ఎంత బాహాటంగా పెంచిందంటే, రేపు నలుగురూ కూర్చుని విచారిస్తే అదే ఎదురుసాక్షి అవుతుంది. వ్యాసం తిరిగొస్తుంది. ఇన్నాళ్ళ పేరూ పోతుంది. చీమల్ని పట్టే చేతులు నమూనా విరగ్గొట్టాయన్న మాట పడితే ఇక ఏ మ్యూజియమూ ఆవిడకి పెట్టె తెరవదు.

"ఆ జిగురు నాదండీ," అంది అక్క.

తల ఎత్తకుండానే అంది. చేతిలో కత్తి ఆడుతూనే ఉంది. బావ, నువ్వు ఊరుకో, నీకు తెలీదు అన్నాడు అలవాటుగా.

"నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది. ఇదే బల్ల. మీరు ఆ చీమని ఇంటికి తెచ్చి, అట్టకి అంటించి, ఇక్కడే పెట్టి వెళ్ళారు. తుడుస్తుంటే చీరచెంగు తగిలి తల ఊడిపోయింది. వెతికాను, కనబళ్ళేదు. మీరొస్తే ఇల్లు ఎగిరిపోతుందని భయం. పంచదార డబ్బా దగ్గర చీమల బారు కనబడింది. ఒకదాని తల తీసి, మీ జిగురే, మీరు పెట్టినట్టే పెట్టాను. కుట్టుపని చేసిన చెయ్యి కదా, బాగానే కుదిరింది."

బావ నిలబడ్డవాడు కూర్చున్నాడు.

ఎందుకు చెప్పలేదని ఆయన అడగలేదు, చీమలావిడే అడిగింది. ఆ సాయంత్రమే చెబుదామనుకున్నానంది అక్క. ఆయన అద్దంలో చూసి, గంతులేస్తూ వచ్చి, దీనికి నీ పేరు పెడుతున్నాను అన్నారట. పెళ్ళయ్యాక ఆయన తిన్నగా తన మొహంలోకి చూసి మాట్లాడింది అదే మొదటిసారిట. చెప్పబుద్ధి కాలేదంది.

"తరవాత చెప్పొచ్చుగా?"

"తరవాత చెప్పాలనిపించలేదే. ఇంటికెవరొచ్చినా ఈయన, మా ఆవిడకి చీమకీ దోమకీ తేడా తెలీదండీ అని నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని. తేడా తెలిసినాయన సంగతి చూశాంగా అనుకునేదాన్ని. ఆ తల మీద ఆయన ఉపన్యాసాలిస్తుంటే ముందు వరసలో కూర్చుని ఒక్కటి వదలకుండా విన్నాను. నీకు గొడుగులు కొనడం తెలుసు, అంతే. నువ్వు పగ అంటూ ఊరంతా మోసుకు తిరిగావు. నేను ఇంట్లో కూర్చుని రోజూ తీర్చుకున్నాను."

చీమలావిడకి ఒక్కసారిగా చిన్నతనం అనిపించింది. తను ఇన్నేళ్ళుగా ఆకలితో దాచుకున్న విందు అక్క ఎప్పుడో తినేసి చెయ్యి కడుక్కుంది. మిగిలిన ఎంగిలి తెచ్చి ఈవిడ బల్ల మీద పరిచింది.

"మరి పేరు?" అంది. "ఒంటికిచ్చేస్తే నీ పేరు నిలుస్తుంది అక్కా. ఇంకా పంపలేదు."

"తలకే ఇవ్వు," అంది అక్క. "నేను పెట్టిన తల. నా పేరు దానికే ఉండనీ. ఆయన పేరు కూడా పక్కనే ఉంటుందిగా, పోయేటప్పుడు ఇద్దరం కలిసే పోతాం." అని తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బల్ల దగ్గర బావా మరదలూ మిగిలారు. ఈవిడ ఆయన మొహం చూడటానికే వచ్చింది, ఇప్పుడు చూడబుద్ధి కావడం లేదు. కాయితాలు సర్దుకుంది. తల విషయంలో ఆవిడ మనసు మారలేదు. రేపు పంపుతుంది. ఒంటికి తను పేరు పెడుతుంది, పక్కన తన పేరు పడుతుంది. ఆ మాట బావకి చెప్పింది కూడా, కాస్త పెడసరంగానే.

బావ ఫొటో దగ్గరికి లాక్కుని చూశాడు. ఏమనుకున్నాడో గాని, ఆయనలో మొగుడూ బావా అధిపతీ అందరూ లేచిపోయి, చీమలు చూసే మనిషి ఒక్కడే మిగిలాడు.

"తల లేకుండా కొత్త జాతి ఎలా రాస్తావు?" అన్నాడు. "ఏ పత్రికా వేసుకోదు. కళ్ళెలా ఉన్నాయో, దవడలు ఎలా ఉన్నాయో చెప్పకుండా అది ఏ కొమ్మకి చెందుతుందో ఎలా తెలుస్తుంది? ఊడిన అసలు తల ఏ చీపురుతోనో పోయింది. నేను జేబులో వేసుకుని తెచ్చాను, అద్దంలో పెట్టేసరికే అది మీ అక్క తల. అసలుదాన్ని లోకంలో చూసింది నువ్వొక్కదానివే." జేబులోంచి పెన్సిలు తీసి, వ్యాసం వెనకవైపు తిప్పి, ఆవిడ ముందుకి జరిపాడు. "గీయి. దవడలు పొడుగా, పొట్టా?"

ఆయన వెటకారం చెయ్యడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ఆవిడ పెన్సిలు అందుకుంది. ఒళ్ళు గీసింది. ముళ్ళు, గాడులు, ఒక్కటి తప్పకుండా వచ్చాయి. మెడ దాకా వచ్చి ఆగింది. కళ్ళు మూసుకుంది. అడవి వచ్చింది. మాను వచ్చింది, బెరడు వాసన వచ్చింది, గొడుగు అంచు నుంచి మెడ మీద పడ్డ చుక్క చల్లదనం వచ్చింది. సీసా, భూతద్దం. ఇప్పుడు తల కనబడాలి.

కనబడింది బావ మొహం. కిందికి వంగి, చెయ్యి చాపి, ఏదీ ఇటివ్వు అంటున్న మొహం. చెవి పక్కన తడికి అంటుకున్న ఆకుముక్క, పై పెదవి మీద కొత్తగా పెంచుతున్న మీసం, ఒకవైపు కొంచెం ఎక్కువ. ఇన్నేళ్ళూ రోజూ తుడిచి తుడిచి మెరుగుపెట్టుకున్న మొహం. కావాలంటే దాన్ని ఇప్పుడే, ఒక్క వెంట్రుక పొల్లుపోకుండా గీసివ్వగలదు.

"ఊఁ," అన్నాడు బావ, ముందుకి వంగి.